కర్ర వణికిన ప్రతిచోటా

మద్దిలపాలెం, విశాఖపట్నం
9 ఫిబ్రవరి 2025

అత్తా,

పలాస బస్సులో పంపిన పొడుగాటి పెట్టెను ఢిల్లీరావు మావ తెచ్చి ఇచ్చి ఉంటాడు. ఈ ఉత్తరం ఆయన చేతే చదివించుకో. ముప్పై ఏళ్ళు తపాలా ఉద్యోగం చేసి ఊరందరి ఉత్తరాలూ చదివిపెట్టిన మనిషి, నీది చదవడా? జవాబు కూడా ఆయన చేతే రాయించు. ఫోన్లో చెబితే చాలదా అంటావు. చాలదు. కర్ర వాడిన మనిషి పదిహేను రోజులకోసారి తన మాటల్లో చెప్పిన కాగితం మా ఆఫీసులో ఉండాలి. పైగా ఫోన్లో అయితే నువ్వు "అంతా బాగుందే అమ్మీ" అని పెట్టేస్తావు.

మా ఆఫీసులో తయారుచేసిన ఈ కర్ర చూడ్డానికి మామూలు తెల్లకర్రే. పిడి మాత్రం లావుగా ఉంటుంది. ముందు గొయ్యి ఉన్నా, ఛాతీ ఎత్తున తీగో కొమ్మో అడ్డం ఉన్నా ఆ పిడి వణుకుతుంది, సైలెంట్‌లో పెట్టిన ఫోను వణికినట్టు. అడ్డం ఎడమవైపు ఉంటే ఎడమ పక్క, కుడివైపు ఉంటే కుడి పక్క, ఎదురుగా ఉంటే పిడి మొత్తం. చెవిలో పెట్టుకునే చిన్న బిళ్ళ కూడా ఉంది. అది మాటల్లో చెబుతుంది. పెట్టెలో ఉన్న ఫోను నీ నడుం సంచిలో ఉండనీ. కర్ర ఎక్కడ వణికిందో, నువ్వక్కడ ఆగావో లేదో అది మాకు పంపిస్తుంది.

కొండబాబు బావ హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "సూడు పెమోదినీ, మే నెలాఖరికి నానొత్తాను. అమ్మ ఒక్కర్తీ అప్పలమ్మ పిన్ని ఇంటికెల్లి ఒచ్చీగలిగితే ఊర్లోనే ఉంటాది. నేదంటే నాతో తీసుకెల్లిపోతాను. నీ కర్ర మీద నాకు నమ్మకం నేదు, అమ్మ మాట మీద అసలే నేదు" అన్నాడు. బావ మాట కటువు గానీ, ఆయన భయం అబద్ధం కాదు. నీటికాసుల జబ్బుతో నీ చూపు పూర్తిగా పోయాక నువ్వు రెండుసార్లు పడ్డావు. కానీ హైదరాబాదులో నాలుగో అంతస్తు గదిలో తలుపు వేసుకుని కూర్చున్న నిన్ను నేను ఊహించుకోలేకపోతున్నాను.

మన ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. రోజూ సాయంత్రం జీడి ఫ్యాక్టరీ నుంచి వస్తూ నన్ను బడి నుంచి ఇంటికి తీసుకొచ్చేదానివి. నీ మోచెయ్యి పట్టుకుని కొబ్బరి తోటల్లోంచి నడిచేదాన్ని. ఇప్పుడు దారి చూపించడం నా వంతు. ఉన్నది ఉన్నట్టు రాయించు.

నీ మేనకోడలు
ప్రమోదిని


కొత్తపుట్టుగ, కవిటి మండలం
24 ఫిబ్రవరి 2025

అమ్మీ,

ఢిల్లీరావు "ఇక్కడ మేమందరం క్షేమం" అని మొదలుపెట్టాడు. కొట్టేయమన్నాను. అప్పలమ్మ వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వస్తుంటే అందరం క్షేమమని ఎలా రాస్తాడు? ఇంకో తగువు కూడా ఉంది. నేను చెప్పినదాన్ని ఈయన పుస్తకం భాషలోకి మార్చేస్తున్నాడు. "మరి నా నోరెందుకురా తమ్ముడూ?" అన్నాను. "ఎర్రమ్మప్పా, ఇది ఆపీసుకెల్లే కాయితం. ఆల్లకి తెలియాల గదా" అంటాడు. సరేనన్నాను.

కర్ర అందింది. ఊళ్ళో సగం మంది వచ్చి పట్టుకుని చూశారు. మొదటిరోజు చెవిలో బిళ్ళ పెట్టుకుని అప్పలమ్మ వాకిట్లోకి వెళ్ళాను. బిళ్ళలోని పిల్ల "ముందు అవరోధం కలదు" అంది. అవరోధం అంటే ఏమిటా అని నేను ఆలోచిస్తుండగా మేక వచ్చి నా మోకాళ్ళకి గుద్దుకుంది. "ఎవర్తే ఆ గుంట? మేకని మేకనడం తెల్దేటి దానికి?" అని అప్పలమ్మ పడీపడీ నవ్వింది. డయాలసిస్ అయిన రోజు దాని నోట నవ్వు వినడం ఈమధ్య అదే మొదలు.

ఆ బిళ్ళ నాకొద్దమ్మా. ఒక చెవి మూస్తే నాకు సగం ఊరు పోతుంది. కొబ్బరాకుల చప్పుడు ఎటు ఎక్కువగా ఉంటే సముద్రం అటు. ఆటో ఎంత దూరంలో ఉందో, ఎవరి వాకిట్లో ఎవరు ఊడుస్తున్నారో, అంతా చెవిలోనే కదా ఉంది. పిడి వణకడం బాగుంది. అది చాలు.

రోజూ నాలుగింటికి బయల్దేరుతున్నాను. అప్పలమ్మా నేనూ ముప్పై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని జీడిపిక్కలు కొట్టాం. ఇప్పుడు అది మంచం మీద, నేను మంచం పక్కన. డాక్టర్లు నీళ్ళు కొలిచి తాగమన్నారు. నేను కబుర్లు చెబుతుంటే దాహం గుర్తు రాదంటుంది. నేను హైదరాబాదు పోతే దాని దగ్గర ఎవరు కూర్చుంటారు? ఈ మాట నీ బావకి చదివి వినిపించు.

నీ అత్త
ఎర్రమ్మ (వేలిముద్ర)

ప్రమోదినికి: వేలిముద్ర రెండుసార్లు వేయించాను. గీతలు రాలేదు, నల్లమచ్చ పడింది. రేషన్ మిషను దగ్గర కూడా ఇదే గొడవ. ఢి.రా.


విశాఖపట్నం
6 మార్చి 2025

అత్తా,

నీ ఉత్తరం మా ఆఫీసులో పైకి చదివాను. మేక దగ్గర అందరూ నవ్వారు. చెవి మూస్తే సగం ఊరు పోతుందన్న చోట మాత్రం నన్ను ఆపారు. మా పెద్దసారు తారకేశ్వరరావు గారు ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ చదివించుకున్నారు. "కళ్ళున్న మనం కూర్చుని తయారుచేస్తే ఇలాగే ఉంటుంది" అన్నారు. ఇకపై ఎవరికీ బిళ్ళ పంపకూడదని, వణుకు ఒక్కటే ఉంచాలని ఆలోచిస్తున్నాం. ఇది నీ వల్ల.

ఇంకా పెద్ద కబురు. నీ ఫోను పంపిన లెక్క చూశాం. మొదటి పదకొండు రోజుల్లో కర్ర నలభై మూడుసార్లు వణికింది. వణికిన ప్రతిచోటా నువ్వు ఆగావు, లేదా పక్కకి తప్పుకున్నావు. ఒక్కటి కూడా తప్పలేదు. వైజాగ్‌లో చదువుకున్న కుర్రాళ్ళు వాడినా ఇంత బాగా రాలేదు. ఆ కాగితం ఫోటో తీసి బావకి పంపాను. "ఊఁ" అని ఒక్క అక్షరం జవాబిచ్చాడు. బావ విషయంలో అది చాలా ఎక్కువ.

ఒక చిన్న ప్రశ్న. వణుకు ఏ వేలికి బాగా తెలుస్తోంది? చూపుడువేలికా, బొటనవేలికా? మరీ ఎక్కువగా ఉందా? బ్యాటరీ తొందరగా అయిపోతోంది కాబట్టి అడుగుతున్నాను.

ఢిల్లీరావు మావకి చెప్పు, స్టాంపు వేసే అలవాటు పోలేదని. వేలికి అంత సిరా పూస్తే గీతలు ఎలా వస్తాయి?

ప్రమోదిని


కొత్తపుట్టుగ
20 మార్చి 2025

అమ్మీ,

జీడిపూత బాగా వచ్చింది. ఈ వాసనకి నాకు ఇప్పటికీ తెల్లారగానే పనికి బయల్దేరాలనిపిస్తుంది. అప్పలమ్మ కూడా అదే మాట అంది. "పనెల్లక్కర్నేదు గానీ బల్ల కాడ కూకుంటే సాలు" అంటుంది. దాని కాళ్ళ వాపు తగ్గింది. చేతికి సూది గుచ్చే చోట మాత్రం నొప్పిగా ఉందట.

కొండబాబు ఫోన్ చేశాడు. నువ్వు పంపిన కాగితం గురించి అడిగాడు. "నలబైమూడుకి నలబైమూడూ? నువ్వేనా అమ్మా?" అన్నాడు. "మరెవర్రా, నీ పెల్లామా?" అన్నాను. చాలా రోజులకి వాడు నాతో నవ్వి మాట్లాడాడు.

ఏ వేలికి తెలుస్తోందని అడిగావు. అన్ని వేళ్ళకీ అని రాయమన్నాను. ఎక్కువగా ఉందా అని కూడా అడిగావు. సరిపోతోంది. నువ్వు కష్టపడి చేసినదానికి నేను వంకలు పెడతానా? ఆ ఆఫీసులో నిన్ను బాగా చూసుకుంటున్నారా? వేళకి తింటున్నావా? ఆ సంగతి ఒక్క ఉత్తరంలోనూ రాయవు.

నీ అత్త
ఎర్రమ్మ (వేలిముద్ర)

ప్రమోదినికి: ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించలేదు. మొన్న కర్రలో ఛార్జింగ్ అయిపోయింది. రెండురోజులు మేమెవరం చూసుకోలేదు. ఆ రెండురోజులూ ఆవిడ మామూలుగానే వెళ్ళి వచ్చింది. నీకు చెప్పాలనిపించింది. ఢి.రా.


విశాఖపట్నం
2 ఏప్రిల్ 2025

అత్తా,

ఢిల్లీరావు మావ నీకు వినిపించకుండా రాసిన ముక్క నేను వినిపించేస్తున్నాను, ఆయన కోప్పడినా సరే. ఛార్జింగ్ లేకపోయినా నువ్వు మామూలుగా నడిచావట. అంటే కర్ర నీకు దారి నేర్పేసిందన్నమాట! మా సారు ఇది వినగానే బోర్డు మీద రాశారు.

ఇప్పుడు జరిగింది విను. కొత్తగా తొమ్మిదిమందికి కర్రలు పంపాం. బిళ్ళ తీసేశాం. నీకు వణుకు అన్ని వేళ్ళకీ తెలుస్తోంది కాబట్టి దాని బలం సగానికి తగ్గించాం. బ్యాటరీ మూడురోజులు వస్తుంది. కర్రతోపాటు పంపే కాగితంలో నీ గురించి నాలుగు ముక్కలు వేశాం. "కవిటి మండలంలో బడికి వెళ్ళని అరవై రెండేళ్ళ మహిళ ఒక్క తప్పూ లేకుండా నడుస్తున్నారు" అని. పేరు వెయ్యలేదు, భయపడకు. ఆ తొమ్మిదిమందిలో ఒకాయన నౌపడలో ఉంటారు. సూర్యం గారు. నలభై ఏళ్ళు ఉప్పుమడుల్లో పనిచేసి చూపు పోగొట్టుకున్నారు. మడుల గట్ల మీద మళ్ళీ నడవాలని ఆయన కోరిక. ఆ కాగితం కొడుకు చేత చదివించుకుని "అంత ముసిల్ది నడిత్తే నాకేటి?" అన్నారట.

వేళకే తింటున్నాను. నిన్న చేపల పులుసు కూడా తిన్నాను. నువ్వు చేసినట్టు లేదు.

ప్రమోదిని


కొత్తపుట్టుగ
15 ఏప్రిల్ 2025

అమ్మీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. సగానికి తగ్గించారా? నన్ను అడిగి తగ్గించాల్సింది. నా ఒక్కదాని మాట పట్టుకుని అందరికీ అలా చెయ్యకండి. నాకు చదువు లేదు. నా మాట లెక్కలోకి తీసుకోకండి. నౌపడ ఆయనకి ఆ బిళ్ళ కూడా ఇవ్వండి. మీ సారుతో చెప్పు. మర్చిపోకుండా చెప్పు.

అప్పలమ్మని పలాస ఆస్పత్రిలో రెండురోజులు ఉంచేశారు. నిన్న తీసుకొచ్చారు. ఎండ ఎక్కువగా ఉంది.

ఎర్రమ్మ (వేలిముద్ర)


టెక్కలి
6 మే 2025

అత్తా,

ఈ ఉత్తరం టెక్కలి ఆస్పత్రి బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

సూర్యం గారు ఆదివారం ఉదయం ఉప్పుమడుల మధ్య కాలువలో పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. ఆ తరవాత కూడా ముందులా నడుస్తారని ఎవరూ చెప్పడం లేదు. ఫోను పంపిన లెక్క చూశాను. కాలువకి రెండడుగుల ముందు పిడి మొత్తం వణికింది. ఆయన ఆగలేదు.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "కర్ర ఏటీ సెప్పనేదమ్మా. సెప్పనేదంటే కాలవ ఇంకా రానేదనుకున్నాను" అన్నారు. కోపంగా అనలేదు. ఓదార్చడానికి ఆయన చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి చెట్టు బెరడులా ఉంది. ఉప్పునీళ్ళకి పగిలి, మానుతూ, మళ్ళీ పగిలిన చెయ్యి. నాతో తెచ్చిన కర్ర తీసి, వణుకు పూర్తి బలం మీద పెట్టి, పిడి ఆయన చేతిలో ఉంచాను. ఆయన దాన్ని కాసేపు పట్టుకుని, "ఏదమ్మా, ఎట్టినావేటి?" అని అడిగారు. అప్పటికే అది వణికి ఆగిపోయింది.

కర్రలు పంపేముందు ఆఫీసులో నాతోపాటు పనిచేసేవాళ్ళందరి చేతుల మీదా ఆ పిడి పరీక్ష చేశాం. అందరివీ కంప్యూటర్ ముందు కూర్చునే చేతులే.

ఇక్కడ కూర్చుని నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీశాను. కింద వేలిముద్రలు చూశాను. అన్నీ నల్లమచ్చలే. సిరా ఎక్కువైందని నేను వేళాకోళం చేశాను. నా ఒక్కదాని మాట పట్టుకోవద్దని నువ్వు ఏప్రిల్‌లో రాయిస్తే, అది నీ వినయం అనుకుని సారుకి చూపించలేదు. నీ అరచెయ్యి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుందామని చూశాను. నాకు గుర్తు రావడం లేదు. నీ చెయ్యి పట్టుకుని పెరిగానని అందరికీ చెప్పుకుంటాను, కానీ నీ అరచెయ్యి నాకు తెలియదు.

ఒక్కటే అడుగుతున్నాను. పిడి వణికితే నీకు తెలుస్తోందా?

ప్రమోదిని


కొత్తపుట్టుగ
11 మే 2025

అమ్మీ,

తెలియదు. మొదటిరోజు నుంచీ తెలియదు.

పిక్క కొడితే కారే జీడినూనె ముప్పై ఏళ్ళు నా చేతుల మీద పడింది. బూడిద రాసుకుని కొట్టేవాళ్ళం, అయినా కాలేది. తోలు ఊడి, నల్లబడి, మొద్దుబారిపోయింది. వేడి గిన్నె పట్టుకున్నా కాసేపటికి గానీ నాకు తెలియదు. నీకు గుర్తు లేకపోవడం నీ తప్పు కాదు. ఆ నూనె నీ లేత చేతికి అంటితే బొబ్బలెక్కుతుంది. అందుకే నేనెప్పుడూ నిన్ను అరచెయ్యి పట్టుకోనివ్వలేదు. "మోసెయ్యట్టుకో" అనేదాన్ని. నువ్వు అది ఆట అనుకునేదానివి.

కర్ర వణికిన ప్రతిచోటా ఆగానని రాశావు. నేను ఆగింది కర్ర వల్ల కాదు. అప్పలమ్మ ఇంటి దారి నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. కరెంటు స్తంభానికి ఏటవాలుగా కట్టిన తీగ ఎక్కడుందో, వాలిన జీడికొమ్మ ఎక్కడుందో, పాత నుయ్యి గట్టు ఎక్కడుందో నాకు తెలుసు. ఆ చోట్ల నేను ఎలాగూ ఆగుతాను. అదే సమయానికి మీ కర్ర వణికింది కాబోలు. నాకు తెలియని దారిలో నేను ఒక్కసారీ నడవలేదు.

మొదట చెప్పకపోవడం కొండబాబు గురించే. కర్ర పనికిరాదంటే వాడు నన్ను తీసుకెళ్ళిపోతాడు. ఆ తరవాత నీ గురించి. మీటింగులో చదివావు, సారు మెచ్చుకున్నారు, బోర్డు మీద రాశారు అని నువ్వు రాస్తుంటే నాకు నోరు రాలేదు. ఏ వేలికి అని నువ్వు అడిగిన రోజు ఢిల్లీరావు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అన్ని వేళ్ళకీ అని రాయమన్నాను. ఆయన "నిజమేనా అప్పా?" అన్నాడు. "రాయమంటే రాయరా" అని కసిరాను. ఒక మనిషి తుంటి విరుగుతుందని తెలిస్తే అలా కసిరేదాన్ని కాదు. కానీ సగానికి తగ్గించారని తెలిసిన రోజైనా చెప్పాల్సింది. ఆరోజు కూడా మాట తిప్పి రాయించాను.

నిన్న ఢిల్లీరావుతో బస్సెక్కి టెక్కలి వెళ్ళాను. సూర్యం మంచం పక్కన కూర్చుని "కాయితంలో ముసిల్దాన్ని నానే" అన్నాను. ఆయన చెయ్యి చాపి నా చెయ్యి తడిమాడు. వేళ్ళన్నీ ఒక్కొక్కటీ తడిమాడు. "నీదీ నాలాటి సెయ్యేనేటమ్మా!" అన్నాడు. ఆ తరవాత ఆయన చెప్పింది విను. ఆయనకి కూడా మొదటిరోజు నుంచే ఏమీ తెలియలేదట. కానీ కవిటి దగ్గర చదువు లేని ఆడమనిషి ఒక్క తప్పూ లేకుండా నడుస్తోందని కాగితంలో ఉంది కాబట్టి, తెలియకపోవడం తన లోపమే అనుకున్నాడట. అలవాటైతే తెలుస్తుందని రోజూ గట్టు మీదికి వెళ్ళాడట.

నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన సరే అనాలి కదా, అది కూడా ఆయన మీద బరువే.

కొండబాబుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు ఫోన్ పెట్టేశాడు. సాయంత్రం మళ్ళీ చేసి, జూన్ నాలుగో తేదీకి రెండు టికెట్లు తీశానన్నాడు.

ఎర్రమ్మ (వేలిముద్ర)


విశాఖపట్నం
20 మే 2025

అత్తా,

నీ ఉత్తరం ఒక్క అక్షరం వదలకుండా మా సారుకి చదివి వినిపించాను. తొమ్మిది కర్రలూ వెనక్కి తెప్పించాం. నీ గురించి వేసిన కాగితం అందరి దగ్గరా చింపించాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి వణుకు తెలుస్తోందా అని అడిగాను. ఇంకో ఇద్దరు తెలియడం లేదన్నారు. ఒకాయన బట్టలకి రంగులు వేసేవాడు, ఇంకొకామె ఇటుక బట్టీలో పనిచేసేది. అడిగేదాకా వాళ్ళూ చెప్పలేదు. బాగుందనే రాయించారు.

నా మీద ఏ చర్య ఉంటుందో ఇంకా చెప్పలేదు. ఏది వచ్చినా తీసుకుంటాను. నువ్వు అబద్ధం రాయించావు, నిజమే. కానీ నేను అడిగిన తీరులో కూడా తప్పుంది. తెలుస్తోందా అని అడగలేదు, ఏ వేలికి అని అడిగాను. అవుననే జవాబు ప్రశ్నలోనే పెట్టి పంపాను.

మోచెయ్యి గురించి నువ్వు రాయించిన చోటు మళ్ళీ చదివాను. తరవాత ఒక పట్టీ కుట్టాను, నా పాత చున్నీ గుడ్డతో. వణికే బిళ్ళలు రెండు పిడిలోంచి తీసి అందులో పెట్టాను. ముందున్న అడ్డాన్ని కర్రే పసిగడుతుంది, వణుకు మాత్రం పట్టీకి వస్తుంది. మోచేతి లోపలివైపు, మడత దగ్గర కట్టుకోవాలి. అక్కడ నూనె పడలేదు కదా? అక్కడ నా చెయ్యి ఉండేది.

దీన్ని ఇంకా ఎవరికీ పంపలేదు. నీకొక్కదానికే పంపుతున్నాను. పని చేస్తుందని నేను చెప్పడం లేదు. బావ ముందే కట్టుకో. తెలిసిన దారి వద్దు, నీకు తెలియని దారిలో బావ వెనకే ఉండి నడిపించమను. తెలియకపోతే తెలియలేదని రాయించు. హైదరాబాదు వెళ్ళాల్సి వస్తే నేనూ వచ్చి రైలెక్కిస్తాను. దాన్ని ఆపడానికి మాత్రం ఈసారి నాకు మంచి కబురు పంపకు.

ప్రమోదిని


కొత్తపుట్టుగ
3 జూన్ 2025

అమ్మీ,

తెలియని రెండూ ముందు రాయమన్నాను. రాసుకో.

ఒకటి, మొండి కొబ్బరిచెట్టు పక్కన వేలాడుతున్న మట్ట. పట్టీ ఏమీ చెప్పలేదు. నుదుటికి తగిలింది, కొంచెం గీరుకుంది. రెండు, కొత్త మొక్క కోసం తవ్విన చిన్న గొయ్యి. వణికిందట, కొండబాబు చెవికి వినిపించింది. నాకు చెమటకి పట్టీ జారిపోయి తెలియలేదు. కాలు దిగబోతుంటే వాడు వెనక నుంచి రెక్క పట్టుకుని ఆపాడు.

తెలిసినవి నాలుగు. మూడు గోతులు, ఒక కంచె తీగ. మెత్తగా, లోపలివైపు. మొదటిది తెలిసినప్పుడు నేను ఆగిపోయి ఎడమ పక్కకి చెయ్యి చాపాను. నువ్వు అక్కడ ఉన్నావనుకున్నాను.

ఆ తోట నేనెప్పుడూ తొక్కనిది. తుఫానుకి చెట్లు పోయాక కొత్తగా మొక్కలు వేస్తున్నారు, అంతా గోతులే. కొండబాబు కావాలనే అక్కడికి తీసుకెళ్ళాడు. అటు చివర నుంచి ఇటు చివరకి వచ్చేసరికి వాడు నాకంటే ఎక్కువ రొప్పుతున్నాడు. "ఆరింటికి రెండు పోనాయి" అన్నాడు. "పోనాయి. అలగే రాయిత్తాను" అన్నాను. "ఈసారి అబద్దమాడవేటి?" అన్నాడు. వాడు నా నుదుటి మీద నెత్తురు తుడిచి, అప్పలమ్మ ఇంటి దాకా నా పక్కనే నడిచాడు. దాని మంచం దగ్గర స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాడు. అప్పలమ్మ వాడిని ఏమీ బతిమాలలేదు. నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, "ఇది ఎంతుందో సూడే ఎర్రీ, నాకు ఎక్కువ తాగాలనిపిత్తంది" అంది. నేను గ్లాసు ఎత్తి బరువు చూసి సగం పారబోశాను. వాడు అది చూశాడు.

ఇవాళ వాడు పలాస స్టేషనుకి వెళ్ళి ఒక టికెట్టు వెనక్కి ఇచ్చేశాడు. మనసు మార్చుకున్నానని చెప్పలేదు. దసరాకి వచ్చి మళ్ళీ అదే తోటలో నడిపిస్తానన్నాడు. ఆరింటిలో ఒక్కటి తప్పినా అప్పుడు ఇంక మాట లేదు, తనతో వెళ్ళాల్సిందే అన్నాడు. ప్రయాణానికి సర్దిన నా బట్టల సంచి గుమ్మం దగ్గరే ఉంది, తీయొద్దన్నాడు.

సూర్యం కొడుక్కి ఫోన్ చేయించాను. ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు. పట్టీ సంగతి చెబితే, ముందు నువ్వు నడు, తరవాత చూద్దాం అన్నాడట. పట్టీ జారకుండా ఏం చెయ్యాలో ఆలోచించు. నాడా కుడితే ఆగుతుందేమో.

నీ అత్త
ఎర్రమ్మ

ఈసారి కూడా వేలిముద్ర మచ్చగానే పడింది. ఢిల్లీరావు ఇంకో కాగితం తీయబోతే వద్దన్నాను. ఇదే పంపమన్నాను.